ఆగస్టు పండితులు, జనవరి శోకాలు

తన జట్టు జనరల్ మేనేజరు కంటే తనకే ఎక్కువ తెలుసని అమెరికన్ ఫుట్‌బాల్ అభిమాని ఏడాది పొడవునా అనుకుంటూనే ఉంటాడు. ఆగస్టు చివరి వారంలో మాత్రం ఆ సంగతి కాగితం మీద పెడతాడు. వేసవి శిబిరంలో ఉన్న 90 మందిని ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఆ వారంలో 53కి కుదించాలి. 32 జట్లలో కలిపి దాదాపు 1,180 మంది మూటాముల్లె సర్దుకోవాలి. వాళ్లలో చాలామంది మర్నాడే ప్రాక్టీస్ స్క్వాడ్ పేరుతో పెరటి గుమ్మంలోంచి తిరిగొస్తారు, అది వేరే సంగతి. ఏ 53 మంది మిగలాలో తేల్చడానికి ప్రతి బార్లోనూ, ప్రతి ఆఫీసు కాఫీ మిషను దగ్గరా ఒక సెలక్షన్ కమిటీ వెలుస్తుంది. కమిటీలో ఒక్కరే సభ్యుడు. తీర్మానాలన్నీ ఏకగ్రీవం.

మొదటి 45 పేర్ల మీద పెద్దగా పేచీ ఉండదు. యుద్ధమంతా తోక దగ్గరే. అక్కడ ఏటా వచ్చే ప్రశ్న ఒకటే. మెరుపులా పరిగెత్తే ఆ కొత్త కుర్రాణ్ణి పాస్‌లు పట్టే ఆరో రిసీవరుగా ఉంచుకోవాలా, లేక బంతి ముట్టుకోకుండా ఏళ్ల తరబడి జీతం తీసుకుంటున్న ఆ స్పెషల్ టీమ్స్ మనిషిని ఉంచుకోవాలా? జవాబు కూడా ఏటా ఒకటే: “కుర్రాణ్ణే! స్పెషల్ టీమ్స్ కోసం ఒక చోటు తగలేస్తారా ఎవరైనా?”

ఈ ఆట చూడనివాళ్లకి ఒక్క ముక్క. బంతిని కాలితో తన్నే సందర్భాల్లో, అంటే కికాఫ్, పంట్, ఫీల్డ్ గోల్, ఎక్స్‌ట్రా పాయింట్ అప్పుడు మైదానంలోకి దిగే బృందాలే స్పెషల్ టీమ్స్. మొత్తం ఆటలో ఆరో వంతు అటూ ఇటూగా వీళ్లదే. టీవీ ముందు కూర్చున్నవాడికి అది లేచి చిప్స్ తెచ్చుకునే సమయం. తాను లేచి వెళ్లినప్పుడు జరిగేదేదీ ముఖ్యమైనది కాదని అతని ప్రగాఢ విశ్వాసం.

ఇంతకీ ఆ కుర్రాడు ఎవరు? సీజనుకు ముందు ఆడే మూడు ప్రదర్శన ఆటల్లో చివరిదాంట్లో, నాలుగో క్వార్టర్లో, సగం స్టేడియం ఖాళీ అయ్యాక ఒక టచ్‌డౌన్ కొట్టినవాడు. అతన్ని ఆపలేకపోయిన డిఫెండరు నాలుగు రోజుల తర్వాత ఇన్సూరెన్సు అమ్ముకునే పనిలో చేరబోతున్నాడన్నది మన పండితుడికి పట్టదు. ఆ ఒక్క క్యాచ్ చూశాక అతనికి ఒక భవిష్యత్తు కనిపిస్తుంది. అందులో ఈ కుర్రాడు మూడేళ్లలో దిగ్గజ రిసీవరు జెర్రీ రైస్ అంతటివాడు అవుతాడు. ఈలోగా వదిలేస్తే మిగతా 31 జట్లూ కాపు కాసి కూర్చుని ఎగరేసుకుపోతాయి.

సరే, ఉంచుకున్నారనే అనుకుందాం. ఆదివారం నాడు అతను ఎక్కడుంటాడు? ఆట రోజున యూనిఫాం వేసుకోగలిగేది ఎక్కువలో ఎక్కువ 48 మంది. దాడికి 11, కాపలాకి 11, కిక్కరు, పంటరు, లాంగ్ స్నాపరు కలిపి 25 తీసేస్తే మిగిలేది 23. కికాఫ్ వెంట పరిగెత్తాల్సినవాళ్లూ, పంట్ పట్టేవాణ్ణి పడగొట్టాల్సినవాళ్లూ ముఖ్యంగా ఆ 23 మందిలోంచే రావాలి. కోట్లు పోసి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్‌ను పంట్ కవరేజీకి ఎవరూ పంపరు. కాబట్టి ఆరో రిసీవరుకి ఆ పని చేతకాకపోతే అతను ట్రాక్‌సూట్‌లో గీత అవతల నిలబడి చప్పట్లు కొడతాడు. చప్పట్ల విభాగంలో మాత్రం, నిజమే, అతనికి గొప్ప భవిష్యత్తు ఉంది.

మాథ్యూ స్లేటర్ సంగతి చూడండి. 2008లో ఐదో రౌండులో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ తీసుకున్నారు. కాగితం మీద వైడ్ రిసీవరు. 16 సీజన్లలో పట్టిన బంతులు ఎన్ని? ఒకటి. 2011లో, 46 గజాలకి. మన పండితుడి త్రాసులో తూస్తే ఇంతకంటే పనికిమాలిన రిసీవరు ఫుట్‌బాల్ చరిత్రలోనే లేడు. ఆ పనికిమాలినవాడు పదిసార్లు లీగు మేటి ఆటగాళ్ల ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు, మూడు సూపర్ బౌల్స్ గెలిచాడు. అతన్ని ఏటేటా ఉంచుకున్న బిల్ బెలిచిక్‌కి బహుశా రోస్టర్ రాయడం చేతకాదు. ఆయన తన తొలినాళ్లలో స్పెషల్ టీమ్స్ పనే చూసినవాడు కాబట్టి పాత ప్రేమ అనుకోవాలి. బాల్టిమోర్‌కి సూపర్ బౌల్ తెచ్చిన జాన్ హార్బా కూడా ఫిలడెల్ఫియాలో ఏళ్ల తరబడి స్పెషల్ టీమ్స్ కోచే. ఇలాంటి అమాయకులు కప్పులు గెలుస్తుంటే చూసి జాలిపడటం తప్ప మనం ఏం చేయగలం!

“మా జట్టులో దాడి బాగుంది, కాపలా బాగుంది, ఇంకేం కావాలి?” అనేవాళ్లకి 2010 నాటి శాన్‌డియాగో చార్జర్స్ దగ్గర జవాబుంది. ఆ ఏడాది మొత్తం గజాల లెక్కలో వాళ్ల దాడి లీగులో మొదటిది. కాపలా కూడా మొదటిదే. మామూలు లెక్క ప్రకారం కప్పుకి తాంబూలాలు ఇచ్చేయాలి. సీజను ముగిసేసరికి 9 గెలుపులు, 7 ఓటములు, ప్లేఆఫ్స్‌లో చోటే లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, పంట్లు అడ్డంగా ఆపించుకున్నారు, కికాఫ్‌లు వెనక్కి పరిగెత్తించుకున్నారు. సియాటిల్‌లో ఒకే ఆటలో లియాన్ వాషింగ్టన్ రెండు కికాఫ్‌లను టచ్‌డౌన్ దాకా తీసుకెళ్లాడు. చార్జర్స్ ఓడింది ఏడు పాయింట్లతో. 7 గెలుపులే ఉన్న ఆ సియాటిల్ మాత్రం ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. ఇంకో ముచ్చట కూడా ఉంది. మూడుసార్లు ప్రో బౌల్‌కి వెళ్లిన స్పెషల్ టీమ్స్ దిట్ట కాసిమ్ ఆస్‌గుడ్ సరిగ్గా ఆ సీజనుకి ముందే చార్జర్స్‌ని వదిలి జాక్సన్‌విల్‌కి వెళ్లిపోయాడు. అతను బంతులు పెద్దగా పట్టేవాడు కాదు కదా, పోతే పోయాడు!

ఇక గ్రీన్ బే. ఈ విషయంలో ప్యాకర్స్ అభిమానులంత అనుభవం ఎవరికీ లేదు. 2015 జనవరి 18న, సూపర్ బౌల్‌కి ముందు మెట్టు మీద, సియాటిల్‌లో వాళ్లు 16-0 ఆధిక్యంలో ఉన్నారు. మూడో క్వార్టర్లో సియాటిల్ ఫీల్డ్ గోల్ కొడుతున్నట్టు నిలబడి, బంతి పట్టుకోవాల్సిన పంటరు జాన్ రయన్ లేచి టచ్‌డౌన్ పాస్ విసిరాడు. పట్టుకున్నవాడు ఒక లైన్‌మన్. ఈ జాన్ రయన్ ఎవరనుకున్నారు? ప్యాకర్స్ వాడే. 2008లో సీజను మొదలవబోతుండగా రోస్టర్ కోతల్లో వాళ్లే వదిలేసుకున్నారు. ఆట చివర్లో, తన్నినవాళ్లే బంతి తిరిగి దక్కించుకోవాలని చూసే ఆన్‌సైడ్ కిక్ వచ్చింది. బ్రాండన్ బోస్టిక్ పని ఎదుటివాణ్ణి అడ్డుకోవడం, వెనకున్న జోర్డీ నెల్సన్ బంతి పట్టుకోవడం. బోస్టిక్ అడ్డుకోవడం మాని గాల్లోకి లేచాడు. బంతి హెల్మెట్‌కి తగిలి సియాటిల్ చేతిలో పడింది. ఆట అదనపు సమయంలో 28-22తో పోయింది.

ఆ తర్వాత ఏడేళ్లు ఏటా ఆగస్టులో గ్రీన్ బే పండితులు ఏం చర్చించారో మీరు ఊహించగలరు. ఆరో రిసీవరు గురించి.

2022 జనవరి 22. సొంత మైదానం లాంబో ఫీల్డ్‌లో మంచు, శాన్‌ఫ్రాన్సిస్కోతో ప్లేఆఫ్ ఆట. ప్యాకర్స్ 13 గెలుపులతో తమ కాన్ఫరెన్సులో మొదటి స్థానం, క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాజర్స్‌ది ఎంవీపీ సీజన్. శాన్‌ఫ్రాన్సిస్కో దాడి ఆట మొత్తంలో ఒక్క టచ్‌డౌన్ చేయలేదు. అయినా ప్యాకర్స్ 13-10తో ఓడారు. ఎలాగంటే, మొదటి సగం చివర వాళ్ల ఫీల్డ్ గోల్‌ని అవతలివాళ్లు ఆపేశారు. ఇంకో ఐదు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా పంట్‌ని ఆపేశారు, దొర్లిన బంతిని టలనోవా హుఫాంగా ఎత్తుకుని గీత దాటాడు. చివరికి రాబీ గోల్డ్ 45 గజాల ఫీల్డ్ గోల్‌తో గెలిపిస్తున్నప్పుడు, దాన్ని ఆపాల్సిన ప్యాకర్స్ బృందంలో మైదానంలో ఉన్నది పదిమంది. పదకొండోవాడు రానేలేదు. 53 మందిని పెట్టుకున్నారు, 11 మందిని లెక్కపెట్టుకోలేకపోయారు.

మర్నాడు గ్రీన్ బే అంతా ఒకటే శోకం. “మనకి స్పెషల్ టీమ్స్ అంటే లెక్కేలేదు!” ఎవరు అంటున్నారు ఈ మాట? ఐదు నెలల కిందట కవరేజీ ఆటగాడి పేరు కొట్టేసి కుర్ర రిసీవరు పేరు రాసినవాళ్లే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో యాజమాన్యమూ తక్కువ తినలేదు. స్పెషల్ టీమ్స్ కోచ్‌ని పంపేసి రిచ్ బిసాషియాని తెచ్చారు. ఆయనతో పాటు రెయిడర్స్ నుంచి కీషాన్ నిక్సన్ కూడా వచ్చాడు. ఏముంది ఇతనిలో అని పెదవి విరిచినవాళ్లు విరిచారు. వరసగా రెండేళ్లు ఆల్-ప్రో రిటర్నరు అయ్యాడు, ఆపై కార్నర్‌లో అసలు ఆటగాడయ్యాడు.

“కాలం మారింది, కికాఫ్‌లు చచ్చిపోయాయి, అన్నీ పరుగులేని టచ్‌బ్యాకులే, ఇంకా పరిగెత్తేవాళ్లు దేనికి?” అని కొత్త తరం పండితుల వాదన. 2024 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో నిజంగానే ఒక్క కికాఫ్‌నీ ఎవరూ వెనక్కి తేలేదు. వాదన నెగ్గినట్టేనా? అదే ఆటలో కాన్సస్ సిటీ తన్నిన పంట్ శాన్‌ఫ్రాన్సిస్కో ఆటగాడి కాలికి తగిలి చేజారింది, ఆ వెంటనే కాన్సస్ సిటీకి టచ్‌డౌన్ అయింది. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో ఎక్స్‌ట్రా పాయింట్‌ని లియో చెనాల్ ఆపేశాడు. నిర్ణీత సమయానికి స్కోరు 19-19. ఆ పోయిన ఒక్క పాయింటు ఎవరికైనా గుర్తొచ్చిందా? అదనపు సమయంలో టాస్ గెలిచి బంతి ముందు తీసుకోవడం తప్పా ఒప్పా అని వారాల తరబడి వాదించుకున్నారు. ఆపైన లీగు కికాఫ్ నిబంధనలే మార్చేసింది. టచ్‌బ్యాక్‌కి శిక్షగా బంతిని 2024లో 30 గజాల గీత మీద, 2025లో 35 మీద పెట్టింది. చచ్చిపోయిన కికాఫ్ లేచి పరిగెడుతోంది.

జట్లవాళ్లని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. “అతనికి స్పెషల్ టీమ్స్ వేల్యూ ఉంది” అన్నది కోచ్‌ల నోట్లో ఒక తారకమంత్రం. టాకిల్ చేయలేని లైన్‌బ్యాకర్ని ఎందుకు ఉంచారయ్యా అంటే ఇదే జవాబు. తీరా చూస్తే ఆ మహానుభావుడు ఏ బృందంలోనూ లేడు! కొందరికి ఈ భక్తి ముదిరితే టాంపా బే 2016లో చేసినట్టు రెండో రౌండుకి ఎగబాకి మరీ కిక్కర్ని కొంటారు. ఆ రొబెర్టో అగ్వాయోని ఒక్క సీజను తర్వాత పంపించేశారు. స్పెషల్ టీమ్స్ మనుషులు ఎక్కువగా చవగ్గా దొరుకుతారు, వెతికేవాడికి కళ్లుండాలి, అంతే.

ఆ కళ్ల సంగతి డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకి చెప్పనక్కర్లేదు. కౌబాయ్స్ ప్రధాన కేంద్రం ఉన్న ఫ్రిస్కోలో వీధికో తెలుగు కుటుంబం. ఆగస్టు వస్తే అక్కడా “అన్నా, ఆ సీజే గుడ్‌విన్‌ని మళ్లీ ఉంచుకుంటారంటావా? కార్నర్ అంటారు, కార్నర్‌లో ఒక్కరోజూ ఆడడు!” అన్న బెంగ వినిపించేది. గుడ్‌విన్ పంట్ వెంట మొదట దూసుకెళ్లే గన్నర్. అతని ఉద్యోగమే అది. 2023 జనవరిలో టాంపాతో ప్లేఆఫ్ ఆటలో కౌబాయ్స్ కిక్కర్ బ్రెట్ మేహర్ నాలుగు ఎక్స్‌ట్రా పాయింట్లు వరసగా పోగొట్టాడు. ఆ ఒక్క రాత్రి ఫ్రిస్కోలో అందరూ స్పెషల్ టీమ్స్ నిపుణులయ్యారు. మరుసటి సీజనుకి వచ్చినవాడు బ్రాండన్ ఆబ్రీ. సాకర్ ఆడి, అది సాగక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా కుదురుకుని, అక్కణ్ణుంచి కిక్కరైన మనిషి. తన మొదటి 35 ఫీల్డ్ గోల్స్‌లో ఒక్కటీ తప్పలేదు, అది లీగు రికార్డు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి బాగుపడ్డవాణ్ణి చూసి కొందరు తల్లిదండ్రులు కంగారు పడ్డా, అభిమానులు మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. ఆ మరుసటి ఆగస్టులో మళ్లీ ఆరో రిసీవరు చర్చే.

కాబట్టి ఈసారి 53 పేర్లు రాయబోయే పెద్దలకి ఒక మనవి. క్వార్టర్‌బ్యాక్‌తో మొదలుపెట్టకండి. ముందు పంట్ బృందానికి 11 పేర్లు, కికాఫ్ బృందానికి 11 పేర్లు రాయండి. మీ ముద్దుల కుర్రాడు ఆ రెండింటిలో ఒక్కదాంట్లో కనిపించినా నిక్షేపంగా ఉంచుకోండి. కనిపించకపోతే ప్రాక్టీస్ స్క్వాడ్‌కి పంపించి నిద్రపోండి. అతన్ని ఎవరూ ఎత్తుకుపోరు.