పేచ్‌కస్ బావ

మా బావ ఇంట్లో పాడైన వస్తువులకు భయం లేదు. బాగా పనిచేసే వాటికే గండం. మిక్సీ మీద చెవి ఆనించి "జర వేరే సౌండొస్తలేదూ?" అన్నాడంటే మా అక్క ఇంకేం మాట్లాడదు. రోలు కడుక్కుంటుంది.

వాళ్లది గుడిమల్కాపూర్, పూల మార్కెట్ వెనక సందు. ఆ చుట్టుపక్కల ఎవరిల్లు అడిగినా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెబుతారు. మా బావ మాత్రం "ఝాంసింగ్ గుడి దాటి లోపలికొస్తే, స్కూటర్ విప్పి పెట్టిన ఇల్లు" అంటాడు. ఎక్స్‌ప్రెస్‌వే మీద బండ్లు తిరగడం మొదలైన 2009లోనే ఆ స్కూటర్ తిరగడం ఆగింది. 11.6 కిలోమీటర్ల వంతెన కట్టినవాళ్లు కట్టి వెళ్లిపోయారు. స్కూటర్ కార్బురేటర్ ఇంకా పాత చద్దర్లో మూటగట్టి అటక మీదే ఉంది.

బావ కరెంటాఫీసులో లెక్కల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లూ ఆయన ముట్టుకున్నది రిజిస్టర్లనే తప్ప వైర్లను కాదు. అయినా వీధిలో ఫ్యూజు పోతే "నేను డిపార్ట్‌మెంటోన్ని" అంటూ ముందు నిలబడతాడు. ఎలక్ట్రీషియన్లు ఆయన్ని చూసి నిచ్చెన దిగేస్తారు.

పాతబస్తీలో స్క్రూను పేచ్ అంటారు, స్క్రూడ్రైవర్‌ను పేచ్‌కస్ అంటారు. సంక్రాంతికి డాబాల మీద రెండు గాలిపటాల మాంజాలు మెలిపడితే అదీ పేచే. మనం తెలుగులో పేచీ అనుకునే తగాదా కూడా ఆ మెలికలోంచి వచ్చిందే. మా అక్క కాపురం చూసినవాళ్లకు ఈ వ్యుత్పత్తి విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆయన ఏది విప్పినా, మళ్లీ బిగించాక నాలుగైదు స్క్రూలు మిగులుతాయి. "కంపెనీవాళ్లు ఎక్కువ పెడ్తరు, ఉత్తగ" అని వాటిని ఒక హార్లిక్స్ సీసాలో వేస్తాడు. ఆ సీసాను తవ్వితే పొరలు పొరలుగా వాళ్ల సంసార చరిత్ర బయటపడుతుంది. అడుగున మా అక్క పుట్టింటినుంచి తెచ్చుకున్న మర్ఫీ రేడియోవి, వాటి మీద హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌వి, ఆ పైన కూలర్లవి, పిల్లల సైకిళ్లవి. పురానాపూల్ 1578 నుంచి నిలబడి ఉందంటే, రాతిపనిలో పేచులు లేకపోవడమే కారణమని నా అనుమానం. ఉండుంటే ఒక ఆదివారం మా బావ వెళ్లి ఉండేవాడు.

ఆ వంతెన దగ్గర్లోనే జుమ్మేరాత్ బజార్. పేరులోనే గురువారం ఉంది. కిందటేడు అక్కడినుంచి నాకోసం ఒక పాత కీబోర్డు తెచ్చాడు. "నూట ఇరవై. ఒక్క మీట పన్జెయ్యదట. మనకెంత పని బామ్మర్దీ!"

పనిచేయని ఆ ఒక్క మీట డి. నేను తెలుగు టైపు చేసేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఖాయం చేసిన అమరిక అది. అందులో పొల్లు డి మీట మీద ఉంటుంది. పొల్లు పోతే ఒత్తులన్నీ పోయినట్టే. షిఫ్ట్‌తో వచ్చే అ కూడా అదే మీట మీద ఉంటుంది కాబట్టి అక్క 'కక' అవుతుంది. బతుకమ్మ 'బతుకమమ' అవుతుంది. పోనీ స్క్రూ అని రాద్దామన్నా 'సకరూ' అని వస్తుంది.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే ముహూర్తం పెట్టాడు. అక్క అప్పటికే మార్కెట్‌కు పోయి బంతి, చామంతి తెచ్చి, తంగేడూ గునుగూ ముందేసుకుని కూర్చుంది. ఎదురుగా బావ. కీబోర్డు బోర్లా వేశాడు. వెనక ఆరు స్క్రూలు. ఐదు సులువుగా వచ్చాయి. వాటిని పక్కనున్న తంగేడు పళ్లెం అంచున పెట్టాడు.

"నీ పేచులు నా పువ్వులల్ల కలపకయ్యా," అంది అక్క.

ఆరోది కదల్లేదు. బావ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, స్క్రూ తలను దగ్గరగా చూసి, పంచనామా రాస్తున్నట్టు అన్నాడు: "ఎవడో ముందే చెయ్యి పెట్టిండు. గాడు బేకార్గాడు. మొత్తం అరగ్గొట్టిండు."

నేను తలూపాను.

మనం స్టార్ స్క్రూ అనేదానికి అసలు పేరు ఫిలిప్స్ స్క్రూ. అమెరికాలో పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ 1936లో దానికి పేటెంట్లు తీసుకున్నాడు. కాడిలాక్ కార్లలో వాడటంతో చలామణిలోకి వచ్చింది. దాని గాడి గోడలు లోపలికి వాలుగా ఉంటాయి. బలం పెంచి తిప్పేకొద్దీ స్క్రూడ్రైవర్ ఆ వాలు మీదుగా పైకి ఎక్కి జారిపోతుంది. జారిన ప్రతిసారీ అంచులు కొంత చెక్కుకుపోతాయి. అందుకని సరైన కొలత ముక్కు పెట్టాలి, తిప్పడం కన్నా ఎక్కువగా అదమాలి. బావ దగ్గరున్నదేమో తలుపు బందులకు వాడే పెద్దది. చిన్నది కొనమంటే "గది మొబైల్ షాపు పోరగాళ్లది" అంటాడు. అప్పటికైతే స్క్రూ తిరగలేదు గానీ, మా బావ తనది చెయ్యి తిరిగిన పనితనమేనని ఇంకోసారి నాకు చెప్పుకున్నాడు.

ముందు కొబ్బరినూనె పోశాడు. ప్లాస్టిక్‌ను కరుచుకున్న స్క్రూకు నూనెతో ఏం పని? పని లేదు. కానీ ఏ మరమ్మతైనా ఆయనకు కొబ్బరినూనెతోనే మొదలవ్వాలి, గణపతి పూజలాగా. తర్వాత రబ్బరు బ్యాండు వైద్యం. అరిగిన తల మీద వెడల్పాటి రబ్బరు పరిచి, దాని మీదినుంచి గట్టిగా అదిమి తిప్పితే పట్టు దొరుకుతుంది. ఇది నిజంగానే మంచి ఉపాయం. అయితే ఆయన తీసింది పూలకట్టకు చుట్టిన సన్నటి రబ్బరు. అది తెగి, ఎగిరి, పళ్లేనికి తగిలింది. తంగేడు పూలు చెదిరాయి. వాటితో పాటు స్క్రూలూ చెదిరాయి. నాలుగు దొరికాయి.

"ఇంకోటేది?"

"పువ్వుల్నడుగు," అంది అక్క, తలెత్తకుండా.

ఇక సోల్డరింగ్ ఐరన్ తెచ్చాడు. స్క్రూను కాస్త వేడిచేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టు వదులుతుంది. కాస్త. బావ నిఘంటువులో ఆ మాట లేదు. వాసన ముందుగదిదాకా పోయింది. ఆయన చెమటలు కక్కుతూ ఆ ముందటి బేకార్గాడిని మూడు తరాలు తిడుతుంటే నాకు మనసు ఆగలేదు. ఇప్పుడు చెప్తున్నాను, ఆ బేకార్గాణ్ని నేనే. ముందురోజు రాత్రి అందరూ పడుకున్నాక అక్క కూరగాయల చాకు మొనతో ఆ స్క్రూ మీద అరగంట ప్రయోగం చేసింది నేనే. చాకు మొన వంగింది. దాన్ని చెంచాల డబ్బాలో అడుక్కి తోసేశాను.

"తిరుగుతుంది! తిరుగుతుంది బామ్మర్దీ!"

తిరిగింది. ఎంతసేపైనా తిరిగింది. కరిగిన ప్లాస్టిక్ గూటితో సహా తిరిగింది. చివరికి పక్కడ్‌తో పట్టి లాగితే గూడు మొదలంటా ఊడి చేతికి వచ్చింది, స్క్రూ ఇంకా అందులోనే బిగిసి ఉంది. బావ దాన్ని పైకెత్తి, ఊడదీసిన పిప్పిపన్నును డాక్టర్ చూపించినట్టు మాకు చూపించాడు.

మూత తీశాం. లోపల రబ్బరు పరుపు, దాని కింద గీతలు గీసిన ప్లాస్టిక్ పొరలు, బిస్కెట్ పొడి, ఎవరిదో పొడవాటి వెంట్రుక. డి మీట సందులో ఇరుక్కుని ఒక సోంపు గింజ. ఏ హోటల్లోనో బిల్లుతో పాటు ఇచ్చినది. తుడిస్తే పొల్లు పలికింది.

అప్పుడు గమనించాను. ఆ మీట టోపీ గోటితో పైకి లాగితే ఊడి వస్తుంది. ఒక్క స్క్రూ కూడా ముట్టుకోనక్కర్లేదు. మెల్లగా ఆ మాట అన్నాను.

బావ నా వంక జాలిగా చూశాడు. "మీదికెల్లి తీస్తే లోపలేమున్నదో ఎట్ల తెలుస్తదిరా?"

దానికి జవాబు లేదు. ఆయన బాగుచేయడానికి విప్పుతాడనుకోవడం ఇన్నేళ్లూ నా పొరపాటు. విప్పడానికి బాగుచేస్తాడు.

కీబోర్డు నాలుగు స్క్రూల మీద నిలబడింది. ఒక మూల ఊగితే అక్క పూల సంచీ అట్టముక్క మడిచి కింద పెట్టింది. ఊడిన గూడు హార్లిక్స్ సీసాలోకి వెళ్లింది. తప్పిపోయిన స్క్రూ ఏ తంగేడు వరసలోనో చేరి, ఆ సాయంత్రం బతుకమ్మతో పాటు చెరువులోకి పోయి ఉంటుంది.

ఈ ముక్క ఆ కీబోర్డు మీదే టైపు చేస్తుంటే బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, నీ లాప్‌టాప్ కింద ఎన్ని పేచులుంటయ్?"

"పది," అన్నాను వెంటనే. తిప్పి చూడాల్సిన అవసరం రాలేదు.