ఊరి జోలికి పోని ఇంజినీరును తయారుచేయడం ఎలా?

టెక్కలి, పలాస, సోంపేట వైపు తల్లిదండ్రుల మేలు కోరి ఈ సలహాలు రాస్తున్నాను. ఈమధ్య కొందరు లెక్చరర్లు పిల్లల చెవిలో ఒక మాట ఊదుతున్నారు. నీళ్ళు, పొగ, చెత్త, కరెంటు, ఇవన్నీ ఇంజినీర్లు చూసుకోవలసిన పనులేనట. వాటిలో ఉద్యోగాలు కూడా ఉన్నాయట. ఇంటర్ రెండో ఏడాదికల్లా ఈ రోగం కుదర్చకపోతే తర్వాత మన చేతిలో ఉండదు.

మొదట వెబ్ ఆప్షన్లు. ఈఏపీసెట్‌లో ర్యాంకు ఎంతొచ్చినా సరే, కాలేజీ మారొచ్చు గాని బ్రాంచి మారకూడదు. కంప్యూటర్ సైన్సు, అది దొరక్కపోతే అందులోనే ఏఐ, అదీ దొరక్కపోతే డేటా సైన్సు. పాస్‌వర్డు పిల్లాడికి ఇవ్వకండి, నెట్ సెంటర్ కుర్రాడికి ఇవ్వండి. ఊళ్ళో సగం మంది భవిష్యత్తు నొక్కిన అనుభవం అతనిది. "నాకు సివిల్ ఇష్టం నాన్నా" అంటే "ఎండలో నిలబడతావేటి?" అనండి. టెక్కలి ఎండ తెలిసినవాడు గనక మెత్తబడతాడు. విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తోందని 2025 అక్టోబరులో ప్రకటించారు కదా, ఆ వార్త కత్తిరించి గోడకు అంటించండి. ఆ మిషన్లను చల్లబరచడానికి నీళ్ళెన్ని కావాలి, కరెంటెంత కావాలి అని ఎదురడిగితే మాత్రం భోజనానికి లేవండి.

ఇక కిడ్నీ జబ్బు సంగతి. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఉద్దానంలో ఎక్కడ కూర్చున్నా ఈ మాట వస్తుంది, దాచలేం. "మన ఖర్మ" అని చెప్పి ఊరుకోండి. ఇన్నేళ్ళయినా అసలు కారణం తేలలేదని మాత్రం చెప్పకండి. తేలనిది ఒకటుందని తెలిస్తే తెలివైన గుంటడు ఊరుకోడు, సీసాలో బోరునీళ్ళు పట్టుకుని ల్యాబుకు పోతాడు.

పలాస ఆసుపత్రి గురించి రాజకీయం ఎంతైనా మాట్లాడుకోవచ్చు. 2023 డిసెంబరు 14న అక్కడ 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీళ్ళు తెచ్చే 700 కోట్ల పథకమూ ఒకేరోజు ప్రారంభమయ్యాయి. ఘనత ఎవరిదని టీ కొట్టు దగ్గర పొద్దుపోయేదాకా కొట్టుకోండి, పిల్లలకు ఏ హానీ లేదు. ప్రమాదమంతా డయాలసిస్ గదిలో ఉంది. మంచం పక్కన మిషన్, మిషన్ వెనక గోడలోంచి వచ్చే సన్న గొట్టం. నిమిషానికి అరలీటరు లెక్కన ద్రవం రక్తం పక్కనుంచి సాగిపోతుంటుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు, అదీ ఒక్క రోగికి, ఒక్క పూటకి. రక్తానికీ ఆ ద్రవానికీ మధ్య పల్చటి పొర తప్ప అడ్డం లేదు. కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్ మందు పూర్తిగా పోకపోతే ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకే వెనక గదిలో కార్బన్ ఫిల్టర్లు, ఆర్వో పొరలు, రోజూ పరీక్ష చేసి పుస్తకంలో రాసే మనిషి. జబ్బుపడ్డవాడికి మనకన్నా శుభ్రమైన నీళ్ళు కావాలని, అవి తయారుచేసేది డాక్టరు కాదని అక్కడ పిల్లాడికి తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు ఎంత ప్యాకేజీ చూపించినా వాడు వెనక్కి రాడు.

కాశీబుగ్గ వైపు వెళితే కారు అద్దాలు ఎత్తెయ్యండి. జీడిపప్పు కిలోల లెక్కన కొనండి, పిల్లల్ని ఫ్యాక్టరీ లోపలికి మాత్రం తీసుకెళ్ళకండి. జీడిపిక్క కొట్టే ఆడవాళ్ళు చేతులకు ఆముదం రాసుకుంటారు. అయినా పెంకు నూనె తగిలి వేళ్ళు నల్లబడి తోలు లేస్తుంది. అదే నూనెను సరిగా తీస్తే వాహనాల బ్రేకు లైనింగులకూ, రంగులకూ పనికొస్తుంది. కెమికల్ ఇంజినీరింగు తీసుకోవాలన్న దురాలోచన పుట్టడానికి ఆ వేళ్ళను ఒక్కసారి చూస్తే చాలు.

చరిత్ర చెప్పక తప్పకపోతే కాల్పులతో ఆపండి. 2010 జూలై 14న సోంపేట బీల చిత్తడినేలల దగ్గర థర్మల్ కేంద్రం వద్దన్నవాళ్ళ మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్ళీ అదే. కన్నీళ్ళు పెట్టించండి, ఏకపాత్రాభినయం కూడా చేయించండి. కాగితాల జోలికి మాత్రం పోకండి. సోంపేట కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని ఆ కాల్పుల రోజునే అప్పీళ్ళ సంస్థ రద్దుచేసింది. ఇలాంటి అనుమతులు నిలిచేదీ కూలేదీ పర్యావరణ ప్రభావ నివేదిక మీదే. నీళ్ళు నిలిచే తంపరను పనికిరాని నేల అని రాయాలన్నా, కాదని కొలిచి చూపించాలన్నా పర్యావరణ ఇంజినీరింగు చదివినవాళ్ళే కావాలి. ఇది తెలిసిన పిల్ల తేలినీలాపురంలో వలస పక్షులతో సెల్ఫీ దిగి ఊరుకోదు, అవి మేతకు వాలే తంపర లోతు అడుగుతుంది.

2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపాను గురించి అంత భయం అక్కర్లేదు. ప్రతి ఇంట్లోనూ కూలిన కొబ్బరిచెట్ల లెక్క ఒకటుంటుంది గాని, కరెంటు స్తంభాలు ఎందుకు కూలాయని ఎవరూ అడగరు.

కాలేజీలో చేరాక పెద్దగా కష్టపడనక్కర్లేదు. కాలేజీల్లో కూడా పర్యావరణం బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. చాలాచోట్ల దాన్ని క్రెడిట్లు లేని సబ్జెక్టు చేసి మనకు మేలు చేశారు. పరీక్ష ముందురోజు రాత్రి గైడు చదివితే గట్టెక్కొచ్చు.

ఇంత చేసినా వినకుండా వాడు నీటిశుద్ధి ప్లాంటులో చేరాడనుకోండి, సంబంధాల దగ్గర జాగ్రత్త. "అబ్బాయి ఏటి చేస్తాడు?" అంటే "మురుగునీళ్ళు శుద్ధి చేస్తాడు" అనకండి. "ఎన్విరాన్‌మెంటల్ సొల్యూషన్స్‌లో ఉన్నాడండి" అనండి, చాలా సాఫ్ట్‌వేరుగా వినిపిస్తుంది. పిల్లది ఉద్దానమైతే ఈ ఎత్తు కూడా పారదు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే మావయ్య ఒకాయన అక్కడ తప్పకుండా ఉంటాడు. నీళ్ళ పని అని చెవిన పడగానే కుర్చీ దగ్గరకు లాక్కుని, "మా బోరునీళ్ళు ఓపాలి చూస్తావేటి బాబూ?" అంటాడు. మీవాడు ఫలహారం ప్లేటు కింద పెట్టి ఆయనతో పెరట్లోకి పోతాడు. కట్నం మాట మీరు ఖాళీ కుర్చీతో మాట్లాడుకోవాలి.