వృత్తి: హరిశ్చంద్రుడు

శ్రీ ప్రభుత్వంవారి దివ్యసముఖానికి,

అయోధ్యకు మాజీ మహారాజు, ప్రస్తుతం వారణాసిలో కాటికాపరి అయిన హరిశ్చంద్రుడు నమస్కరించి రాసుకునే విన్నపం. రాజ్యం పోయినప్పుడు కూడా నేను ఎవరికీ ఉత్తరం రాయలేదు. ఇదే మొదలు.

ముప్పయ్యేళ్లుగా గుంటూరు, ప్రకాశం జిల్లాల ఊళ్లలో నేను కాటిసీను హరిశ్చంద్రుణ్ని. మా పద్యనాటకంలో హరిశ్చంద్రుడు ఒక్కడే ఉండడు. రాజ్యం ఏలేవాడొకడు, వారణాసిలో ఆలిని అమ్మేవాడొకడు, తెల్లవారుజామున మూడింటికి కర్ర భుజాన వేసుకుని కాటిలోకి వచ్చేవాడొకడు. ఆ మూడోవాణ్ని నేను. బలిజేపల్లివారి నాటకంలో జాషువా గారి పద్యాలు కలిపి పాడేది నా వంతులోనే. అప్పటిదాకా పట్టాల మీద కునుకు తీస్తున్న జనం లేచి కూర్చుని వన్స్‌మోర్ కొడతారు.

2020 శివరాత్రి తిరనాళ్లలో ఆడిందే ఆఖరు. మార్చి 25న, సరిగ్గా ఉగాదినాడు, కరోనా లాక్‌డౌన్ మొదలైంది. నవమి పందిళ్లు, వేసవి కొలుపులు, ఇదే మాకు పంటకాలం. ఆ డబ్బుతోనే ఏడాదంతా లాక్కొస్తాం. 27న ప్రపంచ రంగస్థల దినోత్సవం. ఆ రోజే రిజర్వు బ్యాంకు వారు మూడు నెలలపాటు వాయిదాలు కట్టకపోయినా పర్వాలేదన్నారు. సంతోషించాం. కానీ మాకు అయిదు రూపాయల వడ్డీకి ఇచ్చినాయన రిజర్వు బ్యాంకు కిందికి రాడట. ఆయన పంపిన కుర్రాడు రోజూ వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. నాటకంలో అప్పు వసూలుకు వెంటపడే నక్షత్రకుడు నయం. నాతోపాటు ఎండలో నడిచాడు. వీడు బండి మీద వచ్చేవాడు.

అబద్ధమాడటం నా పాత్రకు కుదరదు కనుక ఒప్పుకుంటున్నాను. ఏప్రిల్‌లో కార్డుకు వెయ్యి ఇచ్చారు, బియ్యం ఇచ్చారు. జూన్‌లో సొంత షాపులున్న టైలర్లకు, నాయీబ్రాహ్మణులకు, రజకులకు పదేసి వేలు వేశారు. మంచి పని. మా రాజదుస్తులు కుట్టే దర్జీకి వచ్చాయి. మాకు మీసాలు అంటించే మేకప్ ఆయనకు పగటిపూట సెలూన్ ఉంది, ఆయనకూ వచ్చాయి. వేషం కట్టించేవాళ్లకు అందింది, వేషం కట్టేవాడు మిగిలాడు. నేనూ ఓ దరఖాస్తు పట్టుకుని వెళ్లాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి "వృత్తి ఏంటి బాబాయ్?" అంది. "హరిశ్చంద్రుడు" అన్నాను. పాపం, వరుసంతా రెండుసార్లు వెతికింది. "లిస్టులో లేదు బాబాయ్. కూలీ అని పెట్టనా?" అని అడిగింది. వద్దని లేచి వచ్చేశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ సత్యం గురించి నాలుగు మాటలంది. అవి పద్యాలు కావు.

అదే ఏడాది జూలైలో షేక్‌స్పియర్ దేశంవాళ్లు నాటకశాలలకూ మ్యూజియాలకూ అన్నిటికీ కలిపి 157 కోట్ల పౌండ్లు ప్రకటించారని పేపర్లో వచ్చింది. చదివి వినిపిస్తే మా మొదటి హరిశ్చంద్రుడు "అక్కడ కూడా ఆఫీసుల చుట్టూ తిప్పుతారేమో కనుక్కో" అన్నాడు.

2021 మేలో మా హార్మోనిస్టు పోయాడు. శ్మశానం గేటు దగ్గర ఓ కుర్రాడు రేటు చెప్పాడు. కట్టెలకింత, కిట్లు తొడుక్కున్న నలుగురికీ ఇంత. నేను బేరం మొదలుపెట్టగానే గొంతు గుర్తుపట్టాడు. "నువ్వు కాటిసీను హరిశ్చంద్రుడివి కదా మావా! సుంకం కట్టందే నీ ఆలి చంద్రమతినే వదల్లేదు, నిన్ను నేనెట్టా వదిలేది?" ముప్పయ్యేళ్లు నేను అడిగిన సుంకమే అది. ఇచ్చేవైపు నిలబడటం అదే మొదటిసారి. వెయ్యి తగ్గించాడులెండి. పద్యం పాడితే ఇంకో అయిదొందలు తగ్గిస్తానన్నాడు కానీ, శ్రుతి పట్టేవాడు లోపల ఉన్నాడు.

మీరు మమ్మల్ని మరిచిపోయారనుకున్నాం. 2022 జనవరిలో ఆ అపోహ తొలగింది. కాళ్లకూరి నారాయణరావు గారి 'చింతామణి'ని ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడా ఆడకూడదని ఉత్తర్వు వచ్చింది. అందులోని సుబ్బిశెట్టి వేషం ఒక కులంవారి మనసు నొప్పించిందన్న మాటను నేను కొట్టిపారెయ్యను. రచయిత రాయని బూతులు ఈలల కోసం చేర్చింది మావాళ్లే. కత్తిరించమంటే కత్తిరించేవాళ్లం. నాకు తట్టింది వేరే సంగతి. పదివేలు ఇవ్వడానికి వెతికితే లిస్టులో దొరకనివాళ్లం, ఆపడానికి వెతికేసరికి నాటకం పేరుతో సహా దొరికాం.

డబ్బు వద్దంటే అబద్ధమవుతుంది. అంతకన్నా తేలికైన దారి ఉంది. పట్టణాల్లో ఉన్న మీ కళాక్షేత్రాలకు ఏడాదిపాటు అద్దె తీసుకోకండి. మండలానికో రాత్రి నాటకం వేయించి, తెరలూ కిరీటాలూ తెచ్చే సప్లై కంపెనీవాడి బాడుగతో సహా ఆ రాత్రే చేతిలో పెట్టండి. చేతులు కడుక్కోమని పద్యం కట్టమన్నా కడతాం, బిల్లు మాత్రం ఏళ్ల తరబడి నానబెట్టకండి. ఆ కంప్యూటర్ లిస్టులో ఒక్క గడి పెంచండి. హరిశ్చంద్రుడని రాయనక్కర్లేదు, నటుడు అంటే చాలు.

ఇట్లు,
మూడో హరిశ్చంద్రుడు

తా.క.: మా సుబ్బిశెట్టి వేషగాడు మీ ఉత్తర్వు ప్రతి ఒకటి సంపాదించి, లామినేషన్ చేయించి గోడకు తగిలించుకున్నాడు. నలభయ్యేళ్లలో ప్రభుత్వం తన గురించి రాసిన కాగితం అదొక్కటేనట.