రంగు చూసి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే విద్య

మెదడులో స్థిరనివాసం ఉండే రోగనిరోధక కణాలు మైక్రోగ్లియా. స్పెయిన్ శాస్త్రవేత్త పీయో దెల్ రియో హోర్తేగా 1919లో వెండి లవణాలతో రంగు పట్టించి వాటిని వేరుగా చూపాడు. ఆ తర్వాతి కాలంలో మొదలై, రక్తంలోంచి వచ్చి చేరే మోనోసైట్ల సంతతికీ వాటికీ తేడా చెప్పగల ప్రోటీను కోసం, అంటే మార్కర్ కోసం, అన్వేషణ సాగుతూనే ఉంది. అన్వేషణను తప్పుపట్టేవారు లేరు. దొరికిన ప్రతి ప్రోటీనుకూ శాలువా కప్పి, 'మైక్రోగ్లియాకే ప్రత్యేకం' అన్న బిరుదిచ్చి, కణం వంశచరిత్రంతా దాని నోటనే చెప్పించే ఆచారమే వింత.

1996లో వెలుగుచూసిన ఐబీఏ1 ఒంట్లోని ఇతర మాక్రోఫేజ్‌లలో, అంటే భక్షక కణాలలో కూడా ఉంటుంది. సీడీ45 తక్కువగా ఉంటే ఇంటి కణమనీ, ఎక్కువైతే బయటిదనీ తీర్పిచ్చారు గానీ, జబ్బులో ఉద్రేకించిన మైక్రోగ్లియాలో అదీ పెరుగుతుంది కనుక, కోపమొచ్చిన ఇంటివాణ్ణి వలసదారుల పద్దులో రాసుకున్నట్టయింది. ఆపై పీ2ఆర్‌వై12 వంతు వచ్చింది. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు ఊడితే మిగిలే ఏడీపీని పసిగట్టే గ్రాహకమిది. రక్తంలోని ప్లేట్‌లెట్లపైనా ఇదే ఉంటుంది, గుండెపోటు వచ్చినవారు టెక్కలిలోనైనా పలాసలోనైనా కొనుక్కునే క్లోపిడోగ్రెల్ మాత్ర అడ్డుకునేది దీన్నే. 2016లో ఘనంగా పట్టాభిషిక్తమైన టీఎంఈఎం119, ఎముకను నిర్మించే కణాల పరిశోధనలో అప్పటికే పరిచితమైన ప్రోటీను. పైగా మెదడు జబ్బుపడి, ఎవరు ఎవరో తేల్చవలసిన అవసరం నిజంగా వచ్చిన వేళ, మైక్రోగ్లియాలో దాని మోతాదు పడిపోతుంది.

సూచిక వేరు, మూలం వేరు అన్న సంగతి మూత్రపిండాల జబ్బు పీడిస్తున్న ఉద్దానం ప్రాంతానికి ఎవరూ బోధించనక్కరలేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో క్రియాటినిన్ ఇంటింటి మాట. మూత్రపిండాల పనితనం దాదాపు సగం పోయేదాకా ఆ అంకె చాలామందిలో పెద్దగా కదలదనీ, కదిలాక కూడా జబ్బు నీటి వల్ల వచ్చిందో, పురుగుమందు వల్లనో, ఎండలో కాయకష్టం వల్లనో చెప్పదనీ అక్కడివారు రక్తపరీక్ష కాగితాలు చేతబట్టుకునే నేర్చుకున్నారు.

మైక్రోగ్లియా పిండదశలో పచ్చసొన సంచి నుంచి వచ్చిన సంతతి అని 2010లో ఎలుకలలో రుజువైంది, అదీ కణాలకు జన్యు గుర్తు పెట్టి వాటి వంశాన్ని వెంబడించడం వల్లనే తప్ప ఒక్క రంగును నమ్మడం వల్ల కాదు. అంత శ్రమ పడలేని ప్రయోగశాలలకు సులువైన మార్గం ఉండనే ఉంది: పరిశోధన పత్రం లోపలి పట్టికల్లో నిజాయితీగా 'ఐబీఏ1 పాజిటివ్ కణాలు' అని లెక్కబెట్టి, శీర్షికలో మాత్రం 'మైక్రోగ్లియా' అని అచ్చువేయించడం.