బెడ్ స్పేస్‌లో బజైట్: దుబాయ్ తమ్ముళ్లకు పని తప్పించే చిట్కాలు

దుబాయ్‌లో ఉద్యోగం చేస్తూనే హాయిగా ఆటలాడుకునే హక్కు ప్రతి తెలుగు బ్యాచిలర్‌కీ ఉంది. ఆ హక్కుకి అడ్డుపడుతున్నది ఒక్కటే, పని. ఆ అడ్డు తొలగించే సాధనం ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. పేరు బజైట్. ఫెడోరా లైనక్స్ ఆధారంగా యూనివర్సల్ బ్లూ అనే బృందం 2023లో తెచ్చిన ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. వీడియో గేమ్‌లు అమ్మే స్టీమ్ అందులో ముందే ఉంటుంది. స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టే గేమింగ్ పరికరంలో వాల్వ్ కంపెనీ ఇచ్చే అనుభవాన్ని మామూలు ల్యాప్‌టాప్‌లోకి తెస్తుంది. కింది చిట్కాలు వరసగా పాటించండి. మధ్యలో ఆగి ఆలోచించకండి.

1. ఆఫీసు ల్యాప్‌టాప్‌నే తీసుకోండి. బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు పొడుగునా కంప్యూటర్ షాపులే. అటువైపు వెళ్లకండి. సొంత డబ్బుతో కొన్నది పాడైతే ఆ బాధ మీ ఒక్కరిదే. కంపెనీది పాడైతే బాధపడటానికి ఐటీ విభాగం మొత్తం ఉంది. ఎవరైనా నిలదీస్తే ఇలా చెప్పండి: "2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది సార్, కంపెనీ భద్రత కోసమే మార్చాను." మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 11 అయినా ఇదే చెప్పండి. తేదీతో సహా చెప్పిన మాటకి ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు.

2. బ్యాకప్ తీయకండి. బ్యాకప్ ఉంటే ఫైళ్లుంటాయి, ఫైళ్లుంటే పని ఉంటుంది. అకౌంట్స్‌లో పనిచేసే తమ్ముళ్లకు ఇది మరీ ముఖ్యం. వ్యాట్ రిటర్న్‌ని పన్ను కాలం ముగిశాక 28 రోజుల్లో వేయాలి. ఆలస్యమైతే తొలిసారి 1,000 దిర్హాములు జరిమానా. కట్టేది కంపెనీ, మీరు కాదు. ఇన్వాయిస్‌లు మీ ఒక్కరి ల్యాప్‌టాప్‌లోనే ఉండేలా చూసుకున్నారంటే సగం పని అయిపోయినట్టే.

3. బజైట్ డౌన్‌లోడ్ చేసేటప్పుడు అడిగే ప్రశ్నలు చదవకండి. గ్రాఫిక్స్ కార్డు ఎన్విడియాదా, ఏఎండీదా, ఇంటెల్‌దా అని అడుగుతుంది. నచ్చిన పేరు నొక్కండి. నేరుగా స్టీమ్ గేమింగ్ మోడ్‌లోకి తెరుచుకోవాలా అంటే మాత్రం తప్పకుండా అవుననండి. ఇక ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఆటల బొమ్మలే వస్తాయి, ఎక్సెల్ ఊసే ఉండదు. "ఇందులో షీట్ తెరుచుకోవట్లేదు సార్" అన్నప్పుడు తెరే మీకు సాక్ష్యం. పవర్ మెనూలోంచి డెస్క్‌టాప్‌కి మారొచ్చు. ఆ సంగతి మేనేజర్‌కి చెప్పకండి.

4. డిస్కు మొత్తం చెరిపేయండి. ఆఫీసు మెషీన్‌కి సాధారణంగా బిట్‌లాకర్ రక్షణ ఉంటుంది. బజైట్ ఎక్కించే క్రమంలో బయోస్‌లో, తెలియని సిస్టమ్‌ని లేవనివ్వని సెక్యూర్ బూట్‌ని కదిపితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లని వెళ్లి అడగడం పరువు తక్కువ. ఇన్‌స్టాలర్‌లో అంతా తుడిచిపెట్టే ఆప్షన్ ఎంచుకుంటే కీ అవసరమే రాదు. విండోస్ ఉండదు, తాళం ఉండదు, గత మూడేళ్ల లెక్కలూ ఉండవు.

మొదటి రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది. అక్కడ సెక్యూర్ బూట్ గుర్తుపట్టేలా బజైట్ కీని నమోదు చేసి, యూనివర్సల్‌బ్లూ అనే పాస్‌వర్డ్ కొట్టాలి. కొట్టకండి. బూట్ కొనసాగించమని నొక్కేయండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నంతసేపూ మెషీన్ లేవదు. ఉదయం ఆఫీసులో దాన్ని ఆన్‌లో పెట్టండి, సాయంత్రం గదికొచ్చి ఆపేయండి. పగలంతా చచ్చి పడి ఉండి, రాత్రికి లేచి కూర్చునే ల్యాప్‌టాప్ ఎంత మందికి ఉంది?

5. ఆట ముందు కొనండి, నడుస్తుందో లేదో తర్వాత చూద్దాం. విండోస్ ఆటల్ని లైనక్స్‌లో ఆడించేది ప్రోటాన్. వాల్వ్ దాన్ని 2018 ఆగస్టులో విడుదల చేసింది. ఏ ఆట ఎలా నడుస్తోందో ఆటగాళ్లు రాసిపెట్టుకునే ప్రోటాన్‌డీబీ అనే చోటు కూడా ఉంది. అది తెరిస్తే బద్ధకస్తుడి పరువు పోతుంది. ఫోర్ట్‌నైట్, వాలరెంట్, కొత్త కాల్ ఆఫ్ డ్యూటీలు మోసగాళ్లని పట్టే యాంటీ చీట్ కారణంగా లైనక్స్‌లో నడవవు. అపెక్స్ లెజెండ్స్ 2024 అక్టోబర్ చివర్లో లైనక్స్ వాళ్లకి తలుపు మూసేసింది. జీటీఏ ఆన్‌లైన్ అంతకు ముందు నెలే బ్యాటిల్‌ఐ అనే యాంటీ చీట్ తెచ్చి అదే పని చేసింది. కాబట్టి ఆన్‌లైన్ కోసమే జీటీఏ ఫైవ్ కొనండి. కథ మోడ్ నడుస్తుంది కదా, అందులో కాలక్షేపం చేయండి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. మొదటి రాత్రే రెండు గంటలు దాటించేయండి, రీఫండ్ అడగాలన్న బెంగ ఉండదు.

6. స్టీమ్ స్టోర్‌ని ఇండియాకి మార్చండి. దిర్హాముల్లో కొనడం సంపాదించే వాళ్ల లక్షణం. వీపీఎన్ పెట్టి రూపాయల ధర పట్టండి. అలా దేశం మార్చడాన్ని స్టీమ్ నిబంధనలు ఒప్పుకోవు, ఖాతా మీద ఆంక్షలు పెట్టే అధికారం వాళ్లకుంది. ఇక యూఏఈలో 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం ప్రకారం, నేరం చేయడానికి ఐపీ చిరునామా దాచుకుంటే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా. ఇంత పెద్ద అంకె మనలాంటి జీతగాళ్ల కోసం రాసి ఉండరు. మిగిలిన పదో పరకో దిర్హాములతో కరక్ చాయ్ తాగండి.

7. మంచం చొప్పున అద్దెకిచ్చే బెడ్ స్పేస్ గదిలో ఆరు మంచాలు, కొన్న ఆటలు పంచుకునే స్టీమ్ ఫ్యామిలీలో ఆరు చోట్లు. అందరినీ చేర్చుకోండి, కాస్త చీట్ కోడ్‌ల పిచ్చి ఉన్నవాడిని ముందుగా. మీరు కొన్న ఆటలో వాడు మోసం చేసి దొరికితే నిషేధం వాడితో పాటు మీకూ పడుతుంది. ఒకే గదిలో ఉంటున్నాక కష్టసుఖాలు కలిసే అనుభవించాలి.

8. అప్‌డేట్ చెడగొట్టడం నేర్చుకోండి. బజైట్‌లో నాకు నచ్చని గుణం ఒక్కటే, సులభంగా పాడవదు. సిస్టమ్ భాగాన్ని రాయనివ్వదు, అప్‌డేట్ కొత్త ఇమేజ్‌గా వచ్చి పక్కన కూర్చుంటుంది. మధ్యలో కరెంటు పోయినా పాతది పదిలం. బూట్ మెనూలో పాత ఇమేజ్ ఎంచుకుంటే నిన్నటి స్థితికి వెళ్లిపోవచ్చు. ఇలాంటి సిస్టమ్ ఉంటే పని ఎగ్గొట్టడానికి సాకేది? అందుకే సిస్టమ్‌ని ముట్టుకోని ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు వాడకండి. ఆర్‌పీఎం-ఓఎస్‌ట్రీ అనే సాధనంతో కనపడిన ప్రతి ప్యాకేజీనీ సిస్టమ్ మీద పొరలు పొరలుగా పేర్చండి. ఇలా పేర్చితే అప్‌డేట్లు ఆగిపోవచ్చని తయారుచేసిన వాళ్లే హెచ్చరించారు. వాళ్ల మాట నమ్మండి, పేరుస్తూ పోండి.

9. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి పైన దుప్పటి కప్పండి. ఫ్యాన్ చప్పుడు వినపడదు, నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్నవాడు తిట్టడు.

10. ఇంటివాళ్లకీ ఆఫీసుకీ వేరువేరు సాకులు పెట్టుకోండి. ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి జగిత్యాల నుంచి బోటిమ్ యాప్‌లో ఫోన్ వస్తుంది. "ఏం చేస్తున్నవు బిడ్డా?" అని అమ్మ అడిగితే, "లైనక్స్ నేర్సుకుంటున్ననే అమ్మా" అనండి. అబద్ధం కాదు. నాన్న లైన్లోకి వస్తే, "ఈ నెల కోర్సు ఫీజు కట్టిన బాపూ, పైసలు జర తక్కువ పంపుత" అనండి. ఇంటి మీది అప్పుకి వడ్డీ ఇంకో నెల పెరుగుతుంది. వడ్డీ గుణమే పెరగడం. ఆఫీసులో మాత్రం పెద్ద మాట వాడండి. 2033 నాటికి ఆటల రంగంలో 30,000 కొత్త ఉద్యోగాలు తేవాలని దుబాయ్ 2023 నవంబర్‌లో పథకం ప్రకటించింది. "దానికి తయారవుతున్నాను సార్" అంటే మేనేజర్ నోట మాట రాదు.

11. చివరి మెట్టు. లెక్కలు పోయాయని, వ్యాట్ జరిమానా పడిందని, మెషీన్‌లో జీటీఏ ఉందని ఆఫీసుకి తెలుస్తుంది. కంగారుపడకండి. రాజీనామా ఇస్తే 30 నుంచి 90 రోజుల నోటీసు, ఆ రోజులన్నీ పని చేయాలి. దానికంటే సులువైన దారి, యూఏఈలో 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టంలో 44వ అధికరణం ఉంది. యజమానికి భారీ నష్టం తెచ్చినవాడిని రాతపూర్వకంగా విచారించి, నోటీసు లేకుండానే పంపించొచ్చు. ఒక్క రోజు కూడా అదనంగా పని చేయనక్కర్లేదు. కాగితం ఇవ్వగానే సంతకం పెట్టండి, ల్యాప్‌టాప్ అక్కడే వదిలేయండి, వీసా గడువు ముగిసేలోపు హైదరాబాద్ విమానం ఎక్కండి. స్టీమ్ ఖాతా ఇంకా మిగిలి ఉంటే రూపాయల ధర కోసం ఇక వీపీఎన్ కూడా అక్కర్లేదు.