చదువరి చిట్టా, ఆవర్జా

ఢిల్లీలో ఉంటూ తెలుగు పుస్తకాలు చదవాలనుకునేవాళ్లు మొట్టమొదట చేసే తప్పు, పుస్తకం తెరవడం. తెరిస్తే లెక్క దెబ్బతింటుంది. మయూర్ విహార్‌లో కాపురముంటూ, ఏటా 52 పుస్తకాలకు తక్కువ కాకుండా పూర్తిచేస్తున్న మనిషిగా చెబుతున్నాను, వినండి.

ముందు చిట్టా తెరవాలి. జనవరి ఒకటో తేదీ పొద్దున్నే గుడ్‌రీడ్స్‌లో ఏడాది లక్ష్యం ప్రకటించండి. దాన్ని 2013లో అమెజాన్ కొనేసింది కనుక మన అంకె మంచి షావుకారు దగ్గరే ఉంటుంది. దానికి తోడు సొంతంగా ఒక ఎక్సెల్ షీటు పెట్టుకోవాలి. రచయిత, ప్రచురణకర్త, వెల, పేజీలు, మొదలుపెట్టిన తేదీ, ఆపేసిన తేదీ, మళ్లీ మొదలుపెట్టిన తేదీ. గడులకు రంగులు కుదిరేసరికి సంక్రాంతి వచ్చేస్తుంది. ఈలోగా ఏ పుస్తకం జోలికీ పోవద్దు.

తెలుగు పుస్తకాలు చాలావరకు గుడ్‌రీడ్స్‌లో దొరకవని కొందరు బాధపడతారు. అదే మన భాగ్యం! మనమే పూనుకుని ఎక్కించే ఏర్పాటు చూడొచ్చు. ట్యూబులైటు మెరుపు పడకుండా అట్టకు ఫొటో తీయాలి, చివరి పేజీ సంఖ్య చూడాలి, పాతకాలపు పుస్తకమైతే లేని ఐఎస్‌బీఎన్ కోసం అట్ట తిరగేసి మరగేసి వెతకాలి. ఆ సాయంత్రంలో నలభై పేజీలు చదవొచ్చు కదా అనేవాళ్లతో రాకపోకలు తగ్గించుకోండి. ‘వేయిపడగలు’ రెండు మూడు ఇంగ్లీషు స్పెల్లింగులతో కనబడిందంటే పండగే. అన్నింటి మీదా ‘చదివాను’ అని నొక్కేయండి. అంత లావు పుస్తకానికి మూడు పద్దులు న్యాయమే.

ఇక కొనుగోళ్లు. దరియాగంజ్ ఆదివారం పుస్తకాల సంత పేవ్‌మెంటు మీద ఉండేది. 2019లో హైకోర్టు ఉత్తర్వుతో అక్కణ్నుంచి లేపేస్తే, ఆసఫ్ అలీ రోడ్డు పక్క మహిళా హాట్‌లోకి మారింది. అక్కడ కొన్ని దుకాణాల్లో పుస్తకాలు కిలోల లెక్కన తూచి ఇస్తారు. నాకు జ్ఞానోదయమైంది అక్కడే. అమ్మేవాడు కిలోల్లో అమ్ముతుంటే, చదివేవాడు పేజీల్లో ఎందుకు లెక్కపెట్టాలి? అప్పట్నుంచి నా షీటులో బరువుకూ ఒక గడి ఉంది. కిందటేడు నా చదువు ఇరవై ఆరున్నర కిలోలు. ఈ పద్ధతిలో ‘మహాప్రస్థానం’ మాత్రం బొత్తిగా గిట్టుబాటు కాదు. 1950లో పుస్తకంగా వచ్చింది, నా దగ్గరున్న ప్రతి పట్టుమని పావుకిలో తూగదు.

గ్రంథాలయాల్లో సభ్యత్వం అసలే వద్దు. పాత ఢిల్లీ రైల్వేస్టేషన్ ఎదురుగా 1951లో యునెస్కో సాయంతో పెట్టిన పబ్లిక్ లైబ్రరీ ఉంది. మండీ హౌస్ దగ్గర రవీంద్ర భవన్‌లో సాహిత్య అకాడమీ లైబ్రరీ ఉంది, అందులో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. చాలా ప్రమాదకరమైన చోట్లు. గడువు తేదీ వేసి ఇస్తారు, అది దగ్గరపడేకొద్దీ మనిషికి చదవాలనిపిస్తుంది. పుస్తకాలు వాడుకోడానికేనని 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు సూత్రం రాశారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన పెద్దమనిషి, కాదనలేం. కానీ పాపం, ఆయన దగ్గర ఎక్సెల్ లేదు.

చెడ్డ అలవాటుకు ఉదాహరణ కావాలంటే మా ఇంట్లోనే ఉంది. మా అత్తగారు తెనాలి నుంచి చలికాలం మా దగ్గరకు వస్తారు. తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో ఆవిడతోపాటు ఆవకాయ జాడీ, విజయవాడ పుస్తకాల పండుగలో కొన్న నాలుగైదు పుస్తకాలు ఒకే సంచిలో దిగుతాయి, నూనె మరకలతో సహా. మధ్యాహ్నం బాల్కనీలో ఎండ పొడ ఉన్నంతసేపూ వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ చదువుతారు. ‘బారిస్టర్ పార్వతీశం’ ఎన్నోసారో ఆవిడకే తెలియదు. తేదీ వేయరు, చుక్కలివ్వరు, పేజీ గుర్తుకు వేరుశెనగ తొక్క పెడతారు. అన్నిటికన్నా ఘోరం, ఒక్కరే కూర్చుని పైకి నవ్వుతారు.

మొన్న నన్నడిగారు, “ఏం బాబూ, ఆ నవల పూర్తయిందన్నావుగా, చివరికి ఆ పిల్ల ఇల్లు వదిలి వెళ్లిందా?”

“416 పేజీలండీ,” అన్నాను.

“అది కాదు, వెళ్లిందా అని.”

“నాలుగు చుక్కలిచ్చానండీ.”

ఆవిడ ఇంకేమీ అడగలేదు. నా షీటులో ఆవిడకీ ఒక వరస కేటాయించాను. ఈ ఏడు సున్నా.

డిసెంబరులో పద్దెనిమిది పుస్తకాలు వెనకబడ్డామని తేలుతుంది. కంగారొద్దు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లు నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో వేసిన బొమ్మల పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి. పుస్తక ప్రదర్శనలో ముందే ఒక కట్ట కొని దాచుకోండి. ముప్పై ఒకటో తారీకు రాత్రి దుప్పటి కప్పుకుని కూర్చుంటే పది దాటేలోపు బాకీ తీరిపోతుంది. వాళ్ల పుస్తకాలు ఎక్కడికి పోయాయని పిల్లలు అడిగితే పొద్దున ఇస్తామనండి.

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి ప్రమాదం జరుగుతుంది. కిందటి నెల ఫోన్ చార్జింగ్ అయిపోయింది, సంచిలో అత్తగారి పార్వతీశం తప్ప ఇంకేం లేదు. మయూర్ విహార్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కాను, రాజీవ్ చౌక్‌లో దిగాలి. తల ఎత్తేసరికి ద్వారకా సెక్టార్ 21. రైలు అక్కడితో ఆఖరు. దిగి, ప్లాట్‌ఫారం బెంచీ మీద ఒక్క పేజీ చూసి లేద్దామనుకున్నాను.

ఇలాంటప్పుడు ఏం చేయాలంటే: మొదలుపెట్టిన తేదీ రాయలేదు కనుక ఆ పుస్తకం పద్దులోకి రాదు, దాని మీద ఆశ వదులుకోవాలి. మెట్రో లోపల గడువు మించి ఉంటే కార్డు పెట్టినా గేటు తెరుచుకోదు. కస్టమర్ కేర్ కిటికీ దగ్గర జరిమానా కట్టాలి. ఎందుకింత ఆలస్యమైందని అవతలి అబ్బాయి అడిగితే నవ్వు ఆపుకోండి. రసీదు ఇస్తే మాత్రం పారేయకండి, పేజీ గుర్తుకు పనికొస్తుంది.