పొత్రం తిప్పనివాళ్ళ బెంగ

మనదే ఆఖరి తరమట. వాకిట్లో నిలబడి ఉత్తరం చదువుకున్న ఆఖరి తరం, కేసెట్లో టేపు బయటికొస్తే పెన్ను దూర్చి తిప్పిన ఆఖరి తరం, ఏరియల్ సర్ది చిత్రలహరి చూసిన ఆఖరి తరం, రోటి పచ్చడి రుచి తెలిసిన ఆఖరి తరం. పొద్దున్న అయిదున్నరకల్లా ఈ శాసనం ఫోన్లోకి దిగిపోతుంది. చుట్టూ తామరపూలు, మధ్యలో లాంతరు బొమ్మ, అడుగున "నిజమనిపిస్తే పదిమందికి పంపండి" అని విన్నపం. పంపేది రిటైరైన పెద్దమనిషి, నాకు వరసకు బాబాయి. ఆరు కాకముందే ఫోను చేస్తాడు. "చూశావట్రా? ఇంకా నీలం టిక్కులు పడలేదే!" ఉత్తరం కోసం వారాల తరబడి ఓపిగ్గా ఎదురుచూసిన తరం మనది అని అదే మెసేజీలో రెండో లైన్లో రాసుంది.

ఈ బెంగ తీరే అంత. వస్తువు గుర్తుంటుంది, దాంతో అవస్థ పడ్డ మనిషి గుర్తుండడు. ఏరియల్ గుర్తుంటుంది. మేడమీద మండుటెండలో దాన్ని పట్టుకుని "వచ్చిందా? ఇప్పుడొచ్చిందా?" అని గొంతు చించుకున్న కుర్రాడు గుర్తుండడు. వాడు కిందికి దిగొచ్చేసరికి పాట అయిపోయేది, లేదా "అంతరాయానికి చింతిస్తున్నాము" అన్న బోర్డు కనబడేది. నేను గమనించినంతలో ఏరియల్ పేరెత్తితే కళ్ళు చెమర్చేవాళ్ళంతా కింద హాల్లో కుర్చీలో కూర్చుని "ఆఁ, ఇంకొంచెం ఎడమకి" అన్నవాళ్ళే.

టెలిగ్రాం సంగతి చూడండి. 2013 జులై 14 రాత్రితో దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది. దాదాపు 160 ఏళ్ళ సేవ. ఏటా వంద కోట్ల దాకా ఖర్చవుతుంటే రాబడి కోటి కూడా దాటడం లేదని అప్పట్లో లెక్కలు చెప్పారు. అంటే కొన్నేళ్ళుగా ఆ కిటికీ మొహం చూసినవాడు లేడన్నమాట. మూసేస్తున్నారనగానే మాత్రం ఊరూరా జనం క్యూలు కట్టారు. వాళ్ళలో చాలామందికి అదే మొదటి టెలిగ్రాం, అదే కడపటిది. ఫ్రేము కట్టించుకోడానికి తమకు తామే ఇచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. బతికున్నన్నాళ్ళూ గుక్కెడు మంచినీళ్ళివ్వని కొడుకు దినవారాలకి ఊరందరికీ పులిహోర పెట్టినట్టుంది వ్యవహారం.

ఇంతకీ ఊళ్ళో టెలిగ్రాం అంటే ఏమిటి? సైకిలు మీద ఆ మనిషి వీధి మొదట్లో కనబడితే చాలు, ఎవరింటి ముందు ఆగుతాడోనని అందరికీ గుండెదడ. ఆగిన ఇంట్లో కాగితం విప్పకముందే ఏడుపు మొదలు. అందులో ఉండేది ఇంగ్లీషు. అది చదివిపెట్టే మాస్టారు బడి నుంచి వచ్చేదాకా, ఎవరి కోసమో తెలియకుండానే ఆ ఏడుపు సాగేది. తీరా ఆయన వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని చూస్తే, ఢిల్లీలో మనవడు పుట్టాడని! మాటకింత అని లెక్కగట్టి డబ్బు తీసుకుంటారు గనక ఎవరూ విడమరిచి చెప్పేవాళ్ళు కాదు. "మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ." ఇంతే. అమ్మ ఉందో లేదో ఆ నాలుగు మాటల్లో దొరకదు. జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వచ్చి, వీధి మలుపు తిరిగి, ఇంటిముందు జనం ఉన్నారా లేరా అని చూసేదాకా తెలియదు. దీనికి ఇంకో ఉపయోగం కూడా ఉండేది. పట్టాళంలోనూ ఆఫీసుల్లోనూ సెలవు దొరకనివాళ్ళు ఊళ్ళోవాళ్ళకి చెప్పి ఇదే టెలిగ్రాం ఇప్పించుకునేవాళ్ళు. శుభ్రంగా ఆవకాయ కలుపుకుంటూ ఎందరు తల్లులు తమకు తెలియకుండానే సీరియస్ అయిపోయారో పాపం! ఈ భాగమంతా ఫ్రేములో పట్టదు.

"ఆ రోజుల్లో జనానికి ఓపిక ఉండేది" అన్నది బాబాయి గారి రెండో సిద్ధాంతం. ఉండక ఏం చేస్తుంది? ఫోనుకి దరఖాస్తు పెట్టుకున్నవాడికి ఏళ్ళు పట్టేది. పుట్టిన పిల్ల పేరున దరఖాస్తు పెడితే పెళ్ళినాటికి వస్తుందని జోకులుండేవి, కొన్ని ఊళ్ళలో అవి పెద్ద జోకులేం కావు. 1980ల మొదట్లో కమ్యూనికేషన్ల మంత్రిగా ఉన్న సి.ఎం. స్టీఫెన్, ఫోను విలాసమే గానీ హక్కు కాదనీ, సేవ నచ్చనివాళ్ళు ఫోను తిరిగిచ్చేయవచ్చనీ అన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తిరిగివ్వాలంటే ముందది రావాలి కదా! 1991లో 84 కోట్ల జనానికి దేశం మొత్తమ్మీద ఉన్న ఫోన్లు యాభై లక్షలకి కాస్త అటూ ఇటూ. లేనివాళ్ళకి పక్కింటి ఫోనే దిక్కు. విజిటింగ్ కార్డుల మీదా శుభలేఖల మీదా నంబరు వేసి, పక్కన చిన్నక్షరాల్లో పి.పి. అని వేయించేవాళ్ళు. ఆ ఫోను వాళ్ళది కాదని, పొయ్యిమీద కూర వదిలేసి గోడమీంచి కేకేసే పక్కింటావిడదని దానర్థం. ఆవిడ వింటూండగానే మాట్లాడాలి. పెళ్ళిసంబంధం కట్నం దగ్గర తప్పిపోయిందన్న కబురు పెళ్ళికూతురి కంటే ముందు ఆవిడకి తెలిసేది. ఇప్పుడు దీన్నే "ఇరుగుపొరుగుల ఆప్యాయత" అంటున్నారు.

ట్రంక్‌కాల్లో మూడు తరగతులు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు. లైట్నింగుకి ఆర్డినరీ మీద ఎనిమిది రెట్లు కట్టాలి. ఆర్డినరీ బుక్ చేసినవాడు పొద్దుటి నుంచి ఫోను పక్కనే కాపలా కూర్చునేవాడు. ఆయన స్నానానికి లేచినప్పుడే అది మోగేది. ఉన్నవి మూడు నిమిషాలు. హలో హలో వినబడుతోందా అనడానికి ఒకటి, అంతా కులాసానా అనడానికి ఒకటి. అసలు సంగతి గొంతులోంచి పైకి వస్తూండగా మధ్యలో ఆపరేటరు గొంతు వచ్చేది.

తరవాత ఎస్‌టీడీ బూతులొచ్చాయి. పసుపు బోర్డు, గాజు తలుపు, ఎర్రంకెల మీటరు. రాత్రి పదకొండు దాటితే పావు రేటు గనక జనం ఆ వేళకే వచ్చి నిలబడేవాళ్ళు. హాస్టలు పిల్లలు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, భివండీ మగ్గాల మీదికి వలసపోయిన సిరిసిల్ల మనుషుల ఇంటివాళ్ళు. చంటిబిడ్డను చంకనేసుకుని అర్ధరాత్రి క్యూలో నిలబడ్డ ఆ ఇల్లాలు మొగుడితో మాట్లాడినంతసేపూ చూసింది మీటరు వంకే. అలా నిలబడ్డ ఏ ఇల్లాలినైనా ఇవాళ అడగండి. మనవడితో వీడియోలో మాట్లాడుతూ "ఏమైనా ఆ ఎర్రంకెలు గిర్రున తిరిగే అందమే వేరమ్మా" అంటుందేమో కనుక్కోండి.

అన్నట్టు రేడియోకి లైసెన్సు ఉండేదన్న మాట ఈ లాంతరు మెసేజీల్లో ఎక్కడా రాదేం? 1980ల నడిమి దాకా పాట వినాలంటే ఏటా పోస్టాఫీసుకెళ్ళి రుసుము కట్టాల్సిందే. సైకిలుకి మున్సిపాలిటీ వాళ్ళ రేకు బిళ్ళ. గ్యాసు కనెక్షనుకి ఎంపీ గారి కోటా, ఆ కోటాలో కూపను కోసం ఆయన మనిషి ఇంటిచుట్టూ ప్రదక్షిణాలు. ఇప్పుడు ఫోన్లో పాట వినేవాళ్ళందరూ పోస్టాఫీసుకి రండి అని రేపు ఎవరైనా ప్రకటిస్తే, టెంటు వేసుకుని ధర్నాకి కూర్చునేవాళ్ళలో మొదటివాడు మా బాబాయే.

ఉత్తరాల దగ్గర మాత్రం నేను కాస్త మెత్తబడతాను. పోయినవాళ్ళ చేతిరాత ఇంట్లో ఒక పెట్టెలో ఉండటం మంచిదే, కాదనను. కానీ దానికి ఇంత విలాపం దేనికి? టెలిగ్రాం తీసేశారు గానీ పోస్టుకార్డు తీసెయ్యలేదు. ధర కూడా ఇంకా అర్ధరూపాయే. అర్ధరూపాయికి ఇంకేదీ రాని రోజుల్లో ప్రభుత్వం నష్టానికి అమ్ముతూ మీ బెంగ తీర్చడానికి సిద్ధంగా కూర్చుంది. కొని రాయండి మరి! ఈ మాటే బాబాయితో అంటే "రాయొచ్చు గానీ, ఎవరి అడ్రసూ గుర్తులేదురా" అన్నాడు. ఆయన ఉండేది మా పక్క వీధిలో.

ఇక వంటింటికి వద్దాం. ఈ బెంగ అసలు గుట్టు బయటపడేది అక్కడే. రోటి పచ్చడి రుచి, రుబ్బిన పిండి మెత్తదనం, కట్టెల పొయ్యి మీద అన్నం కమ్మదనం. వీటి మీద రాసిన పద్యాలన్నీ విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు రాసినవే. రుబ్బురోలు ముందు కూర్చున్నవాళ్ళకి రాసే తీరిక లేదు. పదిమందున్న ఇంట్లో ఇడ్లీ అంటే ముందురోజు సాయంత్రమంతా రోటి దగ్గరే. ఒక కాలు ముడుచుకుని, ఒక కాలు చాపుకుని, కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, ఎడమచేత్తో పిండి గుంటలోకి ఎగదోస్తూ ఉండాలి. ఆ ఎడమచెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే వేళ్ళు నలుగుతాయి. గారెల పిండైతే మరీనూ. నీళ్ళు తగలకూడదు, తగలకపోతే పొత్రం కదలదు. తద్దినం రోజున అదే పని తడిబట్టతో మడికట్టుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా చెయ్యాలి. ఏళ్ళ తరబడి అలా తిప్పిన కుడిభుజం అరవయ్యో ఏట పైకి లేవదు. రోలు అరిగితే "రోళ్ళకు కక్కు కొడతామమ్మా" అని వీధిలో కేకేసుకుంటూ వచ్చే మనిషి ఉండేవాడు. అరిగిన భుజానికి అలాంటి మనిషెవరూ రాలేదు. కక్కు కొట్టిన మర్నాడు పిండిలో రాతిపొడి పంటికింద కరకరలాడేది. రోటి రుచి అంటూ ఇప్పుడు వెతుక్కుంటున్నది దాన్నేనేమో.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద డ్వాక్రా ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లిచ్చారు. "మా పొగగొట్టం మాకుండగా ఇవెందుకండీ" అని వెనక్కి పంపిన సంఘం ఒక్కటీ నాకు తెలిసి లేదు. అంతకు చాలా ముందే, 1955లో, కోయంబత్తూరులో పి. సభాపతి అనే ఆయన కరెంటుతో తిరిగే రుబ్బురోలు తయారుచేశాడు. దక్షిణాదిలో ఏ వంటింట్లోనైనా దేవుడి పటాల వరసలో చివర ఆయనకి కాస్త చోటివ్వచ్చు. విచిత్రమేమిటంటే ఇప్పుడు ఆ కోయంబత్తూరు గ్రైండరుకే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అదీ వారసత్వ సంపదల్లో చేరిపోయింది. మరో పాతికేళ్ళు ఆగండి. గ్రైండరు గురగుర విన్న ఆఖరి తరం అంటూ తామరపూల మధ్య దాని బొమ్మ వేసి పంపుతారు.

బెంగ ఉన్నచోటికి బేరం రాకుండా ఉంటుందా! హైదరాబాదు శివార్లలో తోటలో పల్లెటూరి విందు పెట్టేచోట్లు వెలిశాయి. మొన్న పండక్కి బాబాయి మమ్మల్నందర్నీ అలాంటి ఒకచోటికి తోలుకుపోయాడు. గేటు దగ్గర లాంతరు, లోపల చార్జింగు బల్బు. గోడకి వైరు లేని డయలు ఫోను. నులకమంచాల మీద పరుపులు. జావ రాగిచెంబులో ఇచ్చి, రాగికి వేరే, జావకి వేరే డబ్బు తీసుకున్నారు. ఒక మూల పందిరి కింద రుబ్బురోలు పెట్టి, పక్కన "ఇక్కడ ఫొటో తీసుకోండి" అని బోర్డు. ఎనభై దాటిన తన తల్లిని, మాకు చిన్నమామ్మ, రోటి దగ్గర కూర్చోబెట్టి వీడియో తియ్యాలని బాబాయి ముచ్చట. ఆవిడ కూర్చోలేదు. వంగి, పొత్రాన్ని ఒక్కసారి కదిపి, అరచేత్తో రోటి లోపల తడిమి చూసింది.

"దీనికి కక్కు కొట్టి ఎన్నాళ్ళయిందిరా? పూర్తిగా నున్నబడిపోయింది. మినప్పప్పు కాదు గదా, అటుకులు కూడా నలగవు. సరదాగా ఉంటే నువ్వు కూర్చో, నేను పట్టుకుంటాను ఫోను."

బాబాయి కూర్చున్నాడు. కూర్చోడానికే ఇద్దరం చెరో రెక్కా పట్టుకోవాల్సొచ్చింది. ఆవిడ ఫోను ఎటు పట్టుకుందో ఏమో, వీడియోలో పందిరి గుంజ తప్ప ఏమీ పడలేదు. అది చూసి ఆయన మళ్ళీ తియ్యమని బతిమాలుతుంటే, ఈవిడ చేతులు కడుక్కునే నెపంతో వంటశాల వైపు వెళ్ళి, చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చాక మొహం వెలిగిపోతోంది.

"ఒరే, లోపల ఎంత పెద్ద గ్రైండరుందిరా! చెయ్యిపెట్టి తీసే పనే లేదు, పిండయ్యాక పాత్రే ఇలా ఒరిగిపోతోంది. కుర్రాణ్ణి అడిగాను, మన ఇంటికి సరిపడా చిన్నవి కూడా ఉంటాయట. నీ ఫోన్లో చూసి ధరెంతో చెప్పు."